పెరట్లో తుంగ మడి: వంటింటి నీళ్ల శుద్ధికి పెట్టిన పని డైరీ

ఇల్లు తిరుపతిలో, తిరుచానూరు వైపు. వంటింటి సింకు నీళ్లు, బట్టలుతికే గచ్చు మీది నీళ్లు కలిపి రోజుకు 230 లీటర్ల దాకా వీధి కాలవలోకి పోతున్నాయి. డ్రమ్ము పెట్టి వారం పాటు పట్టి తేల్చిన సగటు ఇది. వాటిని కంకర మడిలోంచి పారించి, తుంగ వేళ్ల మధ్య శుభ్రపరిచి, అరటి చెట్లకు వదలడం ఈ పని. మరుగుదొడ్డి నీళ్లు ఇందులో కలపలేదు, ఎవరూ కలపకండి.

నేను ముందు పెట్టుకున్న డిజైన్ ఉత్తర యూరప్‌ది. అక్కడ ఇలాంటి మడుల్లో ఎక్కువగా కిక్కస జాతి నాటుతారు. ఈ డిజైన్‌లో మాత్రం కేరెక్స్ రోస్ట్రాటా ఉంది. అది మన తుంగ కుటుంబానిదే. ఫిన్లాండ్, స్కాట్లాండ్ లాంటి చోట్ల సరస్సుల అంచున, చిత్తడి నేలల్లో దానంతటదే గుంపులుగా పెరుగుతుంది. దాని గింజ ఉబ్బిన సీసాలాంటి తిత్తిలో ఉంటుంది. ఆకులు నీలి బూడిద ఛాయలో ఉంటాయి. శరదృతువులో పుట్టిన పిలకలు మంచు కింద చలికాలం గడిపి వసంతంలో లేస్తాయి. అలాంటి మొక్క కోసం వేసిన కొలతలను మే నెల తిరుపతికి ఎంతవరకు వాడుకోవచ్చో తేల్చుకోవడానికే ఈ డైరీలో సగం పోయింది.

దశ 1: గుంత, గోడ, లీకు (జనవరి)

ఈశాన్య వానలు ఆగి నేల ఆరాక తవ్వించాం. పైన ఎర్రమట్టి, అడుగున్నర దాటాక మొరం. గడ్డపార లేకుండా దిగలేదు.

లోపలి కొలతలు: పొడవు 10 అడుగులు, వెడల్పు 3.5 అడుగులు, లోతు 2.25 అడుగులు. మడి అడుగుభాగం వాలు నీళ్లు వచ్చే వైపు నుంచి పోయే వైపుకు అంగుళంపావు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, లోపల సిమెంటు పూత, అడుగున 3 అంగుళాల కాంక్రీటు.

ఖర్చు:
1. తవ్వకం కూలి: 1,800
2. ఇటుకలు 300: 2,700
3. సిమెంటు 5 మూటలు: 1,900
4. ఇసుక: 1,500
5. మేస్త్రి, చేతికింద మనిషి: 2,400
6. నీరు పట్టని పొడి: 450

ఇప్పటికి మొత్తం: 10,750 రూపాయలు.

కంకర వేయకముందే నీళ్లు నింపి చూడండి. వేశాక లీకు బయటపడితే టన్నుల కొద్దీ రాయి ఎత్తిపోయాలి. సాయంత్రం నింపి, గోడకు బొగ్గుతో గీత పెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పాం. పట్టా ఎందుకంటే, లేకపోతే తగ్గిన నీళ్లలో ఆవిరెంతో లీకెంతో తేలదు. తెల్లారి చూస్తే మూడున్నర అంగుళాలు దిగింది. లెక్కకు 290 లీటర్లు. గోడలు పొడిగానే ఉన్నాయి. బయటికి పోయే 3 అంగుళాల పీవీసీ పైపు గోడ దాటే చోట మట్టి నానిపోయి ఉంది.

పీవీసీకి సిమెంటు అంటుకోదు. చుట్టూ ఎంత మెత్తినా ఆరాక వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. మేస్త్రి ఇంకో పూత వేస్తానన్నాడు. "పూత కాదు సార్ కావాల్సింది, పైపే మార్చాల" అన్నది ప్లంబరు. చేసింది ఇదీ:

1. పైపు ముక్క బయటికి తీసి, గోడలో ఉండే భాగమంతా ఉప్పుకాగితంతో బాగా గరుకు చేయడం.
2. దాని మీద పైపులు అతికించే సొల్యూషన్ దట్టంగా పూసి, తడిగా ఉండగానే జల్లించిన ఇసుకలో దొర్లించడం.
3. పూర్తిగా ఆరాక మళ్లీ గోడలో పెట్టి, చిక్కటి సిమెంటుతో లోపలా బయటా మెత్తడం.

ఇసుక పైపును పట్టుకుంటుంది, సిమెంటు ఇసుకను పట్టుకుంటుంది. మళ్లీ రాత్రంతా పట్టా కప్పి పెడితే గీత కదిలినట్టే లేదు. ఈ మరమ్మతుకు 650.

ఇప్పటికి మొత్తం: 11,400.

దశ 2: కంకర, పైపులు (ఫిబ్రవరి)

20 ఎం.ఎం. కంకర 70 ఘనపుటడుగులు, ఆటో కిరాయితో 3,500. పైపులు, టీలు, ఎల్బోలు, మూతలు 1,650.

మొత్తం: 16,550.

మడిలో నీళ్లు ఎంతసేపు ఆగుతాయన్నదే ఈ పద్ధతికి ప్రాణం. దానికి కంకర మధ్య ఖాళీ ఎంతో తెలియాలి. కొలవడం సులువు. 20 లీటర్ల బకెట్‌ను అంచుదాకా కంకరతో నింపి, నీళ్లు కొలిచి పోయాలి. నాకు 8 లీటర్లు పట్టాయి. అంటే వందకు నలభై ఖాళీ.

లెక్క:
1. నీటి మట్టం 1.75 అడుగులు. 10 × 3.5 × 1.75 = 61 ఘనపుటడుగులు, అంటే సుమారు 1,730 లీటర్లు.
2. అందులో వందకు 40 ఖాళీ: 690 లీటర్లు.
3. రోజుకు 230 లీటర్లు వస్తే: 3 రోజులు.

నీటి మట్టం ఎప్పుడూ కంకర పైభాగానికి 3 అంగుళాల కింద ఉండాలి. పైకి నీళ్లు కనబడితే దోమలొస్తాయి, అది ఊరికి చేటు. బయటికి పోయే పైపు చివర ఎల్బో పెట్టి, దానికి నిలువు ముక్క తగిలించి, అతికించకుండా వదిలాం. ఆ ముక్కను పక్కకు వంచితే మడిలో మట్టం దిగుతుంది, నిలబెడితే లేస్తుంది.

నీళ్లు వదిలిన వారానికే వచ్చే వైపు కంకర పైన మడుగు కట్టింది. పోయే వైపేమో మట్టం రెండంగుళాలు తక్కువ. నీళ్లు మధ్యలో ఎక్కడో ఇరుక్కుంటున్నాయి. మొదటి అడుగు మేర కంకర తీసి చూస్తే రాళ్ల మధ్య బూడిదరంగు ముద్ద, పళ్లపొడి తడిపినట్టు. క్రషర్ దుమ్ము. లారీ మీద కనబడదు, నీళ్లలో పడ్డాక అడుగుకు చేరి సిమెంటులా పట్టేస్తుంది. ఇక్కడి క్రషర్ల కంకరంతా గట్టి నల్లరాయి, పగలగొట్టేటప్పుడు దుమ్ము బాగా వస్తుంది. ఒక బకెట్ కంకర కడిగి ఆ నీళ్లు తేటపడనిస్తే లీటరు పైచిలుకు బురద తేలింది.

మార్చింది:
1. వచ్చే వైపు మొదటి అడుగున్నర మేర 20 ఎం.ఎం. కంకర పూర్తిగా తీసేసి 40 ఎం.ఎం. రాయి వేశాం. నీళ్లు అడ్డంగా సమంగా పరుచుకోవడానికి రంధ్రాల పైపు ఈ రాయి మధ్యలోనే ఉంటుంది.
2. మిగతాదంతా తవ్వి, వలబుట్టలో వేసి, కడిగి వేశాం. కడిగిన నీళ్లు పెరట్లోనే గుంతలోకి పోవాలి. కాలవలోకి వదిలితే అదీ పూడుతుంది.

40 ఎం.ఎం. రాయి, కూలి కలిపి 1,200.

మొత్తం: 17,750.

దశ 3: నూనె తొట్టి (మార్చి)

డిజైన్‌లో నూనె తొట్టి చిన్నది, 30 లీటర్లు. అక్కడి వంటకు సరిపోతుందేమో. మన వంటింట్లో పోపు మూకుడు, అప్పడాలు వేయించిన బాండలి, ఇడ్లీ పిండి గిన్నె, బియ్యం కడుగు అన్నీ ఒకే సింకులో పడతాయి. మూడో రోజుకే తొట్టి పైన తెల్లటి మీగడ, అడుగున పిండి, వంటిల్లంతా పులిసిన కంపు. అమ్మ ముక్కు మూసుకుని తలుపేసేసింది.

పాత 100 లీటర్ల డ్రమ్ము తెచ్చి పెట్టాం (అమరికతో 900). బయటికి పోయే పైపును టీతో కిందికి వంచి, నీటి మట్టానికి అడుగు కింద నుంచి లాగేలా చేశాం. నూనె పైన తేలుతుంది, పిండి అడుగున పడుతుంది, మధ్య నీళ్లే మడికి పోతాయి. పైన తేలిన మడ్డి వారానికోసారి తోడి, ఆకుచెత్తలో కలిపి పాతిపెట్టాలి. ఈ ఒక్క పని మానేస్తే మడికి పెట్టిన ఖర్చంతా వృథా.

మొత్తం: 18,650.

దశ 4: ఏ తుంగ? (మార్చి, ఏప్రిల్)

మడి నిండా నాటే ముందు బకెట్లలో పరీక్ష పెట్టాను. అయిదు బకెట్లు, ఒకే కంకర, నూనె తొట్టి దాటిన ఒకే నీళ్లు.

అ. కేరెక్స్. బెంగళూరు నర్సరీలో దొరికింది.
ఆ. గొడుగు తుంగ. నర్సరీల్లో అంబ్రెల్లా పామ్ అంటే ఇస్తారు. సొంతూరు ఆఫ్రికా ఖండం.
ఇ. చాపలల్లే పొడుగు తుంగ. చంద్రగిరి దగ్గర ఒక రైతు కాలవ గట్టు నుంచి, ఆయన్ను అడిగి తెచ్చుకున్నది.
ఈ. మన పొలాల్లో కలుపుగా వచ్చే మామూలు తుంగ.
ఉ. మొక్క లేని ఉత్త కంకర.

మొక్కలకు 820, బకెట్లకు 650, నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతో చూపే టీడీఎస్ పెన్ను 450. మొత్తం: 20,570.

బెంగళూరు కేరెక్స్ గురించి ఒక మాట. పసుపు చారల ఆకులతో అందంగా ఉంది, చీటీ మీద ఉత్త "కేరెక్స్" అనే ఉంది. వెతికితే అది ఓషిమెన్సిస్ అని తేలింది. జపాన్ అడవుల్లో, రాతి వాలుల్లో పెరిగేది, నీటి మొక్క కాదు. కేరెక్స్‌లో సుమారు 2,000 జాతులున్నాయి, పేరు ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు. అసలైన రోస్ట్రాటా గింజలు విదేశం నుంచి తెప్పించాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్ కావాలి. ఎవరో కవరులో పెట్టి పంపిస్తామంటే ఒప్పుకోకండి. చిత్తడి నేలల మొక్కలు పరాయి చోట పాదుకుంటే ఏమవుతుందో గుర్రపుడెక్క నిండిన చెరువును చూస్తే చాలు. గింజలు దొరికినా పని అంత తేలిక కాదు. చిత్తడి కేరెక్స్‌లలో చాలావాటికి మొలకెత్తే ముందు తడిలో వారాల తరబడి నాలుగైదు డిగ్రీల చలి కావాలి, ఆ తర్వాత వెలుతురూ, పగటికీ రాత్రికీ వేడిలో తేడా కావాలి. తిరుపతిలో ఆ చలి ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడుంది?

ఏప్రిల్ చివరికి బకెట్ల పరిస్థితి:

అ. ఆకు కొసలు ఎండి, తర్వాత మొదలు మెత్తబడి కుళ్లింది. లాగితే చేతికి వచ్చేసింది. రెండో కుండీని నీళ్లలో కాకుండా ఉత్తరం గోడ నీడలో, తడి మట్టిలో పెట్టాను. అది మే దాకా ఉంది, తర్వాత అదీ పోయింది. దీన్నిబట్టి రోస్ట్రాటా గురించి తీర్పు చెప్పలేం.
ఆ. 4 కాడలు 11 అయ్యాయి.
ఇ. 3 పిలకలు 17 అయ్యాయి. బకెట్ ఉబ్బింది.
ఈ. నీళ్లు నిలిచిన బకెట్‌లో పాలిపోయి నిలబడిపోయింది. దాన్ని పట్టుకెళ్లి మడి అంచున, కాస్త ఆరే చోట పెడితే మాత్రం గోడ సందులోంచి అవతలికి పిలకలు వేసింది.
ఉ. నీళ్లు ముదురు బూడిద రంగు, కంపు.

నాలుగో రకం చూసి పక్కింటి అవ్వ గోడ మీంచి అన్న మాట: "ఏం నాయనా, మేం మళ్లల్లో తుంగ పీకలేక చస్తా ఉంటే నువ్వు కడ్డీలు కట్టి నాటతా ఉండావా?" ఆమెది న్యాయమే. మామూలు తుంగ గడ్డలు ఒక్కటి నేలలో మిగిలినా మళ్లీ మొలుస్తుంది. ఆ బకెట్ కంకరంతా జల్లెడ పట్టి, గడ్డలు ఏరి ఎండలో మాడ్చేశాను. మడిలో దాన్ని నాటొద్దు.

ఇ బకెట్‌ను కత్తితో కోసి చూసినప్పుడు కనబడింది రాయాలి. అడుగున రాళ్లు నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉన్నాయి. గాలి అందని నీళ్లలో ఇనుము, గంధకం కలిసి ఆ నలుపు. కానీ ప్రతి వేరు చుట్టూ సన్నటి తుప్పురంగు తొడుగు. వేలితో గీకితే లేచొచ్చింది, కింద వేరు తెల్లగా ఉంది. అంటే ఆకులు పీల్చిన గాలి కాడ లోపలి గొట్టాల గుండా దిగి, వేరు చర్మం దాటి నీళ్లలోకి కారుతోంది. ఆ ఆక్సిజన్ తగిలిన చోట ఇనుము తుప్పు పట్టింది. కాడను బ్లేడుతో అడ్డంగా కోసి భూతద్దంలో చూడండి. మూడు మూలల కాడ లోపల తెల్లటి నురుగులాంటి గూళ్లు, అన్నీ గాలివే. కేరెక్స్ రోస్ట్రాటాకూ ఇలాంటి గాలి గొట్టాలే ఉన్నాయి. మంచు నీటి బురదలో అది బతికేది వీటివల్లే.

తేడా నీటి వేడిలో ఉంది. 5 డిగ్రీల నీళ్లలో లీటరుకు దాదాపు 12.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీల నీళ్లలో 7 దాకానే. పైగా వేడిలో సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్‌ను ఇంకా త్వరగా తినేస్తాయి. అందుకే ఇక్కడ వేరుకు గాలి దింపే బలం ఎక్కువున్న మొక్క కావాలి, వేడికి ఆగే మొక్క కావాలి. డిజైన్‌లోంచి మొక్క పేరు కొట్టేసి, దాని పని మాత్రం ఉంచుకున్నాను. మడిలో వచ్చే వైపు సగం చాప తుంగ, పోయే వైపు సగం గొడుగు తుంగ. అన్నట్టు, ఇలాంటి మడులకు దారి చూపినదీ తుంగ కుటుంబమే. 1950లలో జర్మనీలో కేథె జైడెల్ మురికినీటి పరీక్షలు మొదలుపెట్టింది నీటి తుంగ జాతితోనే.

గొడుగు తుంగ కొనాల్సిన పని లేదు, ఒక కాడ ఉంటే చాలు:
1. గొడుగు కింద రెండంగుళాల కాడ ఉంచి కోయాలి.
2. ఆకులను సగానికి కత్తిరించాలి.
3. తలకిందులుగా, గొడుగు నీళ్లలో మునిగేలా గిన్నెలో పెట్టాలి. నీళ్లు మార్చుతూ ఉండాలి.
4. ఆకుల మొదళ్లలో వేళ్లూ చిన్న పిలకలూ వచ్చాక కంకరలో నాటాలి.

దశ 5: మే

మధ్యాహ్నం 2 గంటలకు కంకర పైభాగం 54 డిగ్రీలు. నాలుగంగుళాల కింద 36. కొత్త పిలకలు కంకర పైకి వచ్చే చోటే మాడుతున్నాయి. అక్కడి పుస్తకాల్లో కేరెక్స్ ఎండుటాకులను కోయకుండా మడి మీదే వదలమంటారు, చలికాలం గడ్డకట్టకుండా దుప్పటిగా పనికొస్తాయని. నేను ఏప్రిల్లో తుంగ కోసిన ఆకులు పరిచాను, ఎండకు నీడగా ఉంటాయని. మొదట బాగానే ఉంది. జూన్‌లో రెండు వానలు పడ్డాక అదే పొర కుళ్లి, నల్లటి గుజ్జై కంకరలోకి దిగడం మొదలైంది. చలిదేశంలో ఆకు ఏళ్ల తరబడి కుళ్లకుండా పేరుకుని పీట్ నేల అవుతుంది. మన వేడికి నెలల్లో గుజ్జవుతుంది. గుజ్జంతా ఎత్తేసి, మే నెలకు మాత్రం గ్రీన్ నెట్ (600) కట్టడమే మేలని తేల్చుకున్నాం.

మొత్తం: 21,170.

ఇంకో కొలత డిజైన్‌లో లేదు: ఆవిరి. మే మధ్యలో వారం సగటు:

1. లోపలికి 230 లీటర్లు, బయటికి 170 లీటర్లు. రోజుకు 60 లీటర్లు గాలిలోకి.
2. టీడీఎస్ లోపలికి 850, బయటికి 1,150.

ఈ రెండు అంకెలూ ఒకదానికొకటి సరిపోతాయి. నీళ్లు ఎగిరిపోతాయి, ఉప్పు ఎగరదు. 850ని 230తో గుణించి 170తో భాగించండి, 1,150 వస్తుంది. తుంగ మడి మురికిని తగ్గిస్తుంది కానీ ఉప్పును తగ్గించదు, ఎండాకాలంలో చిక్కబరుస్తుంది. కాబట్టి సబ్బు పొడి ఎక్కువ వాడిన రోజు నీళ్లు అరటికి తప్ప దేనికీ వదలలేదు. కరివేపాకు మొక్కకు పెట్టిన చోట ఆకు అంచులు మాడాయి, ఆపేశాం. ఆకుకూరలకు అసలు వద్దు.

మురికి ఎంత తగ్గిందో చూడ్డానికి ల్యాబ్ అక్కర్లేదు. పొడుగాటి గాజు జాడీ కింద దినపత్రిక హెడ్డింగు పెట్టి, నీళ్లు పోస్తూ అక్షరాలు కనబడకుండా పోయే లోతు కొలవాలి. లోపలికి వచ్చే నీళ్లు: 4 సెంటీమీటర్లు. బయటికి వచ్చేవి: ఫిబ్రవరిలో ఉత్త కంకరతో 9, మే చివర 23. వాసన పోయింది. ఇది క్రిముల పరీక్ష కాదు, తాగడానికీ పాత్రలు తోమడానికీ ఈ నీళ్లు పనికిరావు.

దశ 6: వానలు (నవంబరు)

2021 నవంబరు వాన చూసినవాళ్లకు ఇక్కడి ఈశాన్య ఋతుపవనం గురించి చెప్పక్కర్లేదు. ఈసారి అంత కాదు, కానీ మడిని ముంచడానికి అంత అవసరం లేదని తెలిసింది. 100 ఎం.ఎం. వాన మడి మీద నేరుగా పడితే 325 లీటర్లే. మిద్దె మీద 1,000 చదరపు అడుగుల్లో పడేది 9,300 లీటర్లు. మిద్దె నీళ్ల పైపు సరిగ్గా మడి పక్కనే దిగుతోంది! మూడు రోజులు ఆగాల్సిన నీళ్లు గంటల్లో దూసుకుపోయాయి. పెరటి ఎర్రమట్టి వచ్చే వైపు రాళ్ల మీద పేరుకుంది. జాడీలో అక్షరాలు 6 సెంటీమీటర్లకే మాయం.

1. మిద్దె పైపును 8 అడుగుల అవతలికి, ఇంకుడు గుంతలోకి మళ్లించాం (380).
2. మడి చుట్టూ ఇటుకల మీద ఒక వరుస పెంచాం. మిగిలిన ఇటుకలే.
3. వానల్లో నిలువు ముక్కను వంచి మట్టం 6 అంగుళాలు దించి ఉంచుతున్నాం. ఆ ఖాళీ ఒక గట్టి వానను పట్టుకుంటుంది.
4. పేరుకున్న మట్టిని రాళ్లతో సహా ఎత్తి కడిగాం. 40 ఎం.ఎం. రాయి కాబట్టి ఇద్దరం ఒక్క పూటలో ముగించాం.

మొత్తం: 21,550.

డిసెంబరు మొదటి వారం కొలత: లోపలికి 230, బయటికి 215 లీటర్లు. టీడీఎస్ 850, 905. జాడీలో 26 సెంటీమీటర్లు. చాప తుంగ ఆరడుగులు దాటింది, సగం కోసి మడి బయట ఎండబెట్టాం. గొడుగు తుంగ పోయే పైపు రంధ్రాల్లోకి వేళ్లు జొనిపింది. సంక్రాంతి లోపు ఆ పైపు చుట్టూ ఒక అడుగు మేర మొక్కలు తీసి, ఉత్త 40 ఎం.ఎం. రాయి వేయాలి.